పక్కింటివాళ్లకు యేసు గురించి చెప్పాలంటే ఏ దారి మంచిది? స్టేటస్, కరపత్రం, ఇంటి కూడిక, సెమీ క్రిస్మస్: ఒక పోలిక

"నమ్మకం ఉంది, చెప్పాలనీ ఉంది, ఎట్లా మొదలుపెట్టాలో మాత్రం అర్థం కావట్లేదు" అనే మాట మా నల్లగొండ, దేవరకొండ, పాలమూరు వైపు సంఘాల్లో ఎప్పుడూ వినబడుతుంది, ముఖ్యంగా ఉద్యోగాలు చేసుకునే యూత్ దగ్గర, కొత్తగా నమ్ముకున్న ఆడవాళ్ల దగ్గర. సలహాలకేం కొదవ లేదు. ఒకరు రోజూ వాట్సాప్‌లో వాక్యం పెట్టు చాలంటారు, ఒకరు బస్టాండ్‌లో కరపత్రాలు పంచితేనే సువార్త అంటారు, ఇంకొకరు నోరు విప్పకు, మంచిగా బతుకు, అదే సాక్ష్యం అంటారు. ఎవరికి కుదిరింది వాళ్లు చెబుతున్నారు. మీకు ఏది కుదురుతుందో తేల్చుకోవాలంటే అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన పల్లెల్లో, చిన్న టౌన్లలో, మాట చెప్పిన మర్నాడు కూడా ఆ మనిషికి మీరు ఎదురుపడే పద్ధతే గట్టిది. మిగతావన్నీ దానికి సాయం.

## ముందు ఏవేం చూసుకోవాలి

వినే మనిషి "వద్దు" అనగలడా? నేను అన్నిటికంటే ఎక్కువ చూసేది ఇదే. మీ చేలో పత్తి ఏరడానికి వచ్చిన కూలీ, మీ దగ్గర అప్పు తీసుకున్న మనిషి, మీ క్లాసులో పిల్లాడు, సెలైన్ ఎక్కుతున్న పేషెంటు, వీళ్లు మీ మొహం మీద వద్దని చెప్పలేరు. తల ఊపుతారు, అంతే. అక్కడ మీరు ఎంత ప్రేమగా మాట్లాడినా ఒత్తిడి ఒత్తిడే. పక్కింటి వదినైతే "ఇప్పుడొద్దులే, పొయ్యి మీద అన్నం ఉంది" అని లేచి వెళ్లిపోగలదు. అట్లా వెళ్లిపోగలిగిన మనిషితోనే నిజమైన మాట సాగుతుంది.

తర్వాత మీరు అక్కడ ఉంటారా? ఒకరోజు వచ్చి చెప్పి పోయేవాళ్లకూ, రోజూ నల్లా దగ్గర కనబడేవాళ్లకూ తేడా ఉంది. ప్రశ్న ఆ రోజు రాదు. నెల తర్వాత, ఇంట్లో ఏదో జరిగినప్పుడు వస్తుంది.

మీ స్వభావానికి సరిపోతుందా? నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పట్టే మనిషిని మైకు ముందు నిలబెడితే ఆ టెన్షన్ వినేవాళ్లకు కూడా పడుతుంది.

చట్టం, ఊరి శాంతి. ఇది తెలియకుండా బయల్దేరొద్దు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, అయితే శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యానికి లోబడి. 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో ఇంకో మాట స్పష్టం చేసింది: నీ నమ్మకాన్ని వివరించే హక్కు నీకుంది, కానీ అవతలి మనిషిని మతం మార్పించే హక్కు అందులో లేదు. ఇంకో మతాన్ని కావాలని అవమానిస్తే వెనక ఐపీసీ 295ఏ సెక్షన్ ఉండేది, 2024 జులై నుంచి కొత్త భారతీయ న్యాయ సంహితలో అది 299. మైకు సంగతికొస్తే రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఇవన్నీ మనల్ని కట్టేసేవని కొందరు అనుకుంటారు. నాకైతే పేతురు రాసిందీ దాదాపు ఇదే అనిపిస్తుంది: అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అదీ సాత్వికంతో, భయంతో (1 పేతురు 3:15). అడిగినవాడికి అన్నాడు, గమనించండి.

## ఒక్క చూపులో

| పద్ధతి | "వద్దు" అనే వీలు | తర్వాత తోడు | ఎవరికి కుదురుతుంది | జాగ్రత్త |
|---|---|---|---|---|
| కష్టంలో తోడుండటం, అడిగితే చెప్పడం | బాగా ఉంది | బాగా ఉంది | అందరికీ, సిగ్గరులకు ముఖ్యంగా | ఎప్పటికీ నోరు విప్పకుండా ఉండిపోవడం |
| ఇంటి కూడిక | పిలుపు బట్టి | ఉంది | కుటుంబాలకు, ఆడవాళ్లకు | చప్పుడు, వాడలో అనుమానాలు |
| క్రిస్మస్‌కు, కృతజ్ఞత కూడికకు పిలవడం | ఉంది | మీ మీదే ఆధారం | భోజనం పెట్టగలిగినవాళ్లకు | రెండు గంటల ప్రసంగం |
| వాట్సాప్, యూట్యూబ్ | ఉంది, మ్యూట్ చేస్తారు | తక్కువ | యూత్‌కు, వలస వెళ్లినవాళ్లకు | అబద్ధపు ఫార్వర్డులు |
| కరపత్రం, వీధి సువార్త | తీసుకునేదాకా ఉంది | దాదాపు లేదు | అనుభవం ఉన్న బృందానికి | గొడవలు, చోటు ఎంపిక |
| ట్యూషన్, మెడికల్ క్యాంపు | తక్కువ | ఉంది | చదువుకున్నవాళ్లకు, నర్సులకు | ఆశ చూపారన్న మాట |

## కష్టంలో తోడుండటం

ఎక్కువసేపు ఇక్కడే ఆగుతా, ఎందుకంటే మన దగ్గర నిజంగా పని చేసేది ఇదే, సంఘాల్లో తక్కువ నేర్పించేదీ ఇదే.

ఒక రాత్రి సంగతి చూడండి. పక్కింటి పెద్దాయనకు ఛాతీలో నొప్పి వస్తే జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లారు. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు, బయల్దేరాడు కానీ తెల్లారేదాకా రాలేడు. పెద్దమ్మ ఒక్కతే వార్డు బయట, చేతిలో రిపోర్టుల కవరు, దాంట్లో ఏముందో ఆమెకు తెలియదు. ఆ రాత్రి మీరు వెళ్లి ఫ్లాస్కులో చాయ్ ఇచ్చి, మందుల చిట్టీ పట్టుకుని మెడికల్ షాపుకు తిరిగి, ఆ బెంచీ మీదే కూర్చున్నారనుకోండి. అప్పుడు ప్రసంగం అక్కర్లేదు, చెప్పకూడదు కూడా. చాలాసార్లు ఆమే అడుగుతుంది, "మీ ప్రార్థనల ఆయన పేరు గూడ జెప్పు బిడ్డా" అని. అడిగితే అక్కడే, నెమ్మదిగా, రెండు నిమిషాలు, ఆమె భాషలో ప్రార్థన చేయండి. అడగకపోతే మీ ఇంట్లో చేసుకోండి. తర్వాత ఎప్పుడో వడియాలు పెడుతున్నప్పుడు "అంత కష్టం పడ్డరు గదా మీరు, గింత నిమ్మళంగ ఎట్లుంటరు?" అన్న ప్రశ్న వస్తుంది. మీ కథ చెప్పాల్సింది అప్పుడు.

రోగుల విషయంలో ఒక్క మాట, దీంట్లో నేను ఎవరితోనూ రాజీ పడను. ప్రార్థన చేస్తున్నాం కదా అని బీపీ మాత్ర, షుగర్ ఇంజెక్షన్, టీబీ కోర్సు మానమని ఎవరికీ చెప్పొద్దు, ఎవరైనా మానేస్తానంటే ఆపండి. నూనె సీసాలు, స్వస్థత పేరుతో కానుకలు ఆ దరిదాపుల్లోకి రానివ్వొద్దు. మన జిల్లాల్లో సువార్త, వైద్యం చేయీ చేయీ పట్టుకుని వచ్చాయి. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రెదరెన్ (ఒక ప్రొటెస్టంట్ శాఖ) మిషనరీ అబ్రహాం ఫ్రీసన్ దంపతులు 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టిన తర్వాత, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు మిషన్ స్టేషన్లు వచ్చిన చోట్ల బడి, దవాఖానా కూడా వచ్చాయి. జడ్చర్లలో మిషన్ ఆస్పత్రి అందరికీ తెలిసిందే. ఊళ్లల్లో తిరిగి మాట చెప్పింది మాత్రం ఎక్కువగా తెలుగు బోధకులు, బైబిల్ స్త్రీలు, అంటే మన అవ్వలు, తాతలు.

ఈ పద్ధతికి బలహీనత లేదా అంటే ఉంది. ఏళ్ల తరబడి సాయం చేస్తూ పోతాం, ఎందుకు చేస్తున్నామో మాత్రం ఎప్పుడూ చెప్పం. వాళ్లు "మంచి మనుషులు" అనుకుని ఊరుకుంటారు. గెరాసేనుల దేశంలో బాగుపడిన మనిషి వెంట వస్తానంటే యేసు వద్దని, ఇంటికెళ్లి నీ వాళ్లకు ప్రభువు ఏం చేశాడో చెప్పమన్నాడు (మార్కు 5:19). బాగుపడి కనబడితే చాలు అనలేదు, చెప్పమన్నాడు. అందుకని మీ సొంత కథ మూడు నిమిషాల్లో చెప్పగలిగేలా ముందే సిద్ధం చేసుకోండి. "రక్షణ", "అభిషేకం", "విడుదల" లాంటి సంఘం మాటలు తీసేసి చెప్పి చూడండి, అప్పుడు మీకే ఎంత అర్థమైందో తెలుస్తుంది.

సాయం తీసుకోవడం కూడా ఇందులో భాగమే, చాలామంది ఇది మర్చిపోతారు. సమరయ స్త్రీతో యేసు మాట మొదలుపెట్టింది నీళ్లు అడిగి. మీరెప్పుడూ ఇచ్చేవాళ్లే, వాళ్లెప్పుడూ తీసుకునేవాళ్లే అయితే అది స్నేహం కాదు. వాళ్ల పొలంలో కాసిన బత్తాయిలు పంపితే తీసుకోండి, మీ బోరు పాడైతే వాళ్లింటి నీళ్లు అడగండి.

## ఇంటి కూడిక

కాటేజీ ప్రేయర్ అనండి, కుటుంబ ప్రార్థన అనండి, మన దగ్గర శుక్రవారమో బుధవారమో సాయంత్రం ఒక ఇంట్లో పదిమంది చేరడం పాత అలవాటు. చర్చిలోకి రావడానికి మొహమాటపడే మనిషి ఇంట్లోకి వస్తుంది. చాప మీద కూర్చుంటుంది, పాట వింటుంది, నచ్చకపోతే పిల్లాడు ఏడుస్తున్నాడని లేచిపోతుంది.

చిక్కు చప్పుడుతో వస్తుంది. పది మందికి సౌండ్ బాక్సు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పరీక్షలకు చదువుకునే పిల్లలు, నైట్ డ్యూటీ చేసి పడుకున్న మనిషి, గోడ అవతలే ఉంటారు. డప్పు, కంజీర, గొంతు చాలు. ఎనిమిదిన్నరకల్లా ముగించండి. అద్దె ఇల్లైతే ఓనరుకు ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే చెప్పకుండా చేశారన్న మాట మిగులుతుంది.

ఇంకో చిక్కు గురించి మనం పైకి మాట్లాడుకోం. మాల వాడ కూడికకు మాదిగ వాడవాళ్లు రారు, మాదిగ వాడ కూడికకు మాలలు రారు, బీసీల నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఇంకో మూల కూర్చుంటారు. బయటివాళ్లు ఇదంతా చూస్తూనే ఉంటారు. క్రీస్తులో అందరం ఒకటే అని పాడి, ఒకరింట్లో ఒకరు అన్నం తినకపోతే ఆ పాట ఎవరికీ ఎక్కదు. ఇంటి కూడిక పెట్టాలనుకుంటే వాడలు మార్చి మార్చి పెట్టండి, చివర్లో తలా ఒక ముద్ద కలిసి తినండి.

## సెమీ క్రిస్మస్, కృతజ్ఞత కూడిక

సెమీ క్రిస్మస్ అంటే క్రిస్మస్‌కు ముందే పెట్టుకునే వేడుక. పిలవడం తేలిక, వినడానికి జనం వస్తారు, బిర్యానీ కూడా ఉంటుంది. "వచ్చి చూడు" అని ఫిలిప్పు నతనయేలును పిలిచినట్టు పిలవొచ్చు. కానీ భోజనానికి పిలిచి రెండు గంటలు కూర్చోబెట్టి, ఆకలి మీద ఉన్నవాళ్లకు మారుమనస్సు ప్రసంగం చెప్తే మరుసటి ఏడు రారు. అరగంట చాలు: ఒక పాట, క్రిస్మస్ కథ, మీ ఇంటికి ఈ ఏడు దేవుడు చేసిన మేలు ఒకటి. పిలిచేటప్పుడే "చిన్న ప్రార్థన ఉంటది, తర్వాత భోజనం" అని చెప్పేయండి.

వాళ్ల పండక్కి మీరెట్లా ఉంటారో కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. బతుకమ్మ రోజుల్లో పిల్లలు తంగేడు, గునుగు పూల కోసం తిరుగుతుంటే మొహం తిప్పుకుని, డిసెంబర్‌లో మాత్రం "తప్పకుండా రావాలి" అంటే వాళ్లకు ఏమనిపిస్తుంది? పూజలో పాల్గొనడం, ప్రసాదం తీసుకోవడం విషయంలో సంఘాల మధ్యే తేడాలున్నాయి, మీ మనస్సాక్షి ప్రకారం నడవండి. వద్దనుకుంటే "ఏమనుకోకండి వదినా, మేం తీసుకోం" అని నవ్వుతూ చెప్పొచ్చు, కింద పెట్టేసి పోనక్కర్లేదు. వాళ్ల దేవుళ్లను ఒక్క మాట కూడా అనొద్దు. ఎఫెసులో గొడవ జరిగినప్పుడు ఆ ఊరి కరణమే పౌలు వెంట ఉన్నవాళ్ల గురించి సాక్ష్యం చెప్పాడు, వీళ్లు మన దేవతను దూషించినవాళ్లు కారని (అపొ. కార్యములు 19:37). మన ఊరి సర్పంచ్ మన గురించి ఆ మాట అనగలగాలి.

## వాట్సాప్, యూట్యూబ్

పాలమూరు నుంచి పనుల కోసం ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లిన కుటుంబాలకు ఇది నిజంగా అవసరం. ఊళ్లో కూడికకు రాలేరు, కట్టుబడి పని అయ్యాక రాత్రి ఫోన్లో ఒక ఆడియో వింటారు. వాళ్లకు పంపేటప్పుడు మీ గొంతుతో పంపండి, ఎవరిదో గంట ప్రసంగం లింకు కాదు.

ఊళ్లో ఉన్నవాళ్లకైతే స్టేటస్ చాలు. ఎవరికి చూడాలనిపిస్తే వాళ్లు చూస్తారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో, స్కూల్ పేరెంట్స్ గ్రూపులో రోజూ పొద్దున్నే వాక్యం పెట్టొద్దు, ఆ గ్రూపు అందుకు పెట్టింది కాదు. అద్భుతాల ఫార్వర్డులు, ఫలానా దేశంలో ఫలానా జరిగిందన్న వీడియోలు తేల్చుకోకుండా అస్సలు పంపకండి, ఒక్కటి అబద్ధమని తేలినా మీరు నిజంగా చూసి చెప్పింది కూడా నమ్మరు. కామెంట్లలో మతం గొడవకు దిగి ఎవరి మనసైనా గెలుచుకున్నవాళ్లను నేను చూడలేదు.

## కరపత్రాలు, వీధి సువార్త

పాతకాలంలో ఇది చాలామందికి మొదటి మెట్టు, కాదనను. ఇప్పటి పరిస్థితి వేరు. పంచేవాళ్లు వేరే ఊరి నుంచి వచ్చి పంచి వెళ్లిపోతారు, తర్వాత వచ్చే మాట పడేది ఆ ఊళ్లో బతకాల్సిన రెండు కుటుంబాలు. కాబట్టి ఆ ఊరి విశ్వాసులు, కాపరి సరే అంటేనే చేయండి. గుళ్ల దగ్గర, కురుమూర్తి, చెర్వుగట్టు లాంటి జాతరల్లో వద్దు, వాళ్లు అక్కడికి వాళ్ల మొక్కు తీర్చుకోవడానికి వచ్చారు. బడి పిల్లల చేతికి తల్లిదండ్రులకు తెలియకుండా ఏదీ ఇవ్వొద్దు. వంద మందికి కాగితం ఇచ్చేకంటే అడిగిన ఒక్కరికి మార్కు సువార్త ఇచ్చి, చదివాక కలిసి మాట్లాడటం మేలు అంటాను నేను.

## ట్యూషన్, క్యాంపులు

చేయండి, మనస్ఫూర్తిగా చేయండి. కాకపోతే సేవను సేవగానే ఉంచండి. ట్యూషన్‌కు రావాలంటే పాట నేర్చుకోవాలి, మందులు కావాలంటే ముందు ప్రసంగం వినాలి అనే షరతు పెట్టిన క్షణంలో అది బేరం అయిపోతుంది.

## మీరెవరో బట్టి

సర్కారు బడి టీచర్, ఆఫీసు ఉద్యోగి అయితే క్లాసులో, డ్యూటీలో మతం మాట వద్దు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం చెబుతోంది. మీ సాక్ష్యం టైముకు రావడం, లంచం ముట్టకపోవడం, వెనకబడ్డ పిల్లాడి మీద చేయి ఎత్తకపోవడం. తోటి టీచర్ సాయంత్రం బస్సులో అడిగితే అప్పుడు స్నేహితుల్లా మాట్లాడుకోండి.

హాస్టల్లో ఉండే స్టూడెంట్ అయితే స్టేటస్ కంటే రూమ్మేట్‌తో వ్యవహారం ముఖ్యం. రాత్రి పదకొండింటికి గట్టిగా ప్రార్థన చేసి అతని నిద్ర చెడగొట్టకుండా ఉంటే, పరీక్ష ముందు రోజు అతనే "నాకోసం కూడా చెయ్‌రా" అంటాడు.

సిగ్గరి అయితే ఇంటి కూడికకు మీ ఇల్లు ఇవ్వండి, మాట్లాడే పని ఇంకొకరికి వదిలేయండి. చాప పరిచి చాయ్ ఇచ్చే మనిషి లేకపోతే ఆ కూడిక లేదు.

ఇంట్లో మీరొక్కరే నమ్ముకున్నవాళ్లయితే మీకు నా సలహా మిగతావాళ్లకంటే వేరు. భర్తకో అత్తమామలకో తెలియకుండా దొంగచాటుగా కూడికలకు వెళ్లి, ఒకరోజు బయటపడితే నమ్మకమే పోతుంది. బొట్టెందుకు పెట్టుకోవట్లేదని అత్త అడిగిన రోజు గొడవకు దిగకుండా, "అత్తమ్మా, నాకు యేసయ్య దగ్గర నెమ్మది దొరికింది, మీ మీద గౌరవం ఏం తగ్గలే" అని ఒక్క మాటతో ఆపేయండి. కొట్టే పరిస్థితి, ప్రాణభయం ఉంటే మాత్రం చెప్పడం గురించి ఆలోచించకండి, ముందు పుట్టింటివాళ్లకో, సంఘంలో పెద్దమ్మలాంటి మనిషికో చెప్పి క్షేమంగా ఉండండి.

## ఎవరైనా "నేనూ నమ్ముకుంటా" అంటే

సంతోషంలో తొందరపడొద్దు. బాప్తిస్మం గురించి అడిగిన ఎస్సీ కుటుంబానికి కుల సర్టిఫికెట్ సంగతి దాచకుండా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఆ తర్వాత 1956, 1990లో జరిగిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవులైన ఎస్సీలు మన దగ్గర బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. ఇది అన్యాయమని దళిత క్రైస్తవులు ఏళ్లుగా పోరాడుతున్నారు, నేనూ వాళ్ల పక్షమే, కానీ ఆ ఇంట్లో పిల్ల సీటు, పిల్లాడి ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు ముందే తెలుసుకునే హక్కు వాళ్లకుంది. తర్వాత తెలిస్తే మనం మోసం చేసినట్టే.

ఇంట్లో అందరితో మాట్లాడమనండి. పెద్దవాళ్లు కాదంటే ఆగమనండి, ప్రార్థనకు ఎవరూ అడ్డు రారు. మార్కు సువార్త ఒక్కో అధ్యాయం కలిసి చదవండి, అర్థం కాని చోట "నాకూ తెలియదు, పాస్టర్ గారిని అడుగుదాం" అనండి. నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న సంఘానికి పరిచయం చేయండి, అది మీ సంఘం కాకపోయినా సరే, ఎందుకంటే వానాకాలం రాత్రి వాళ్లింట్లో ఎవరికైనా బాగోలేకపోతే పది కిలోమీటర్ల అవతల ఉన్న మీకంటే రెండు వీధుల అవతల ఉన్నవాళ్లే ముందు చేరుకుంటారు.